అక్షరమునకు వెల

మానవుని నడతను కట్టడిచేయు నియమములు రెండు తెఱగులు. బుద్ధిపూర్వకముగా తాను విధించుకొనునవి కొన్ని. చేతనున్న పనిముట్టు తనకు తెలియకయే విధించునవి కొన్ని. పనిముట్టు మారినపుడు ఈ రెండవ తెఱగు నియమము చప్పుడు లేక తొలగిపోవును. అట్లు తొలగినచోట మొదటి దానిని మనము నిలుపుకొనవలయునా, అక్కఱలేదా? ఈ ప్రశ్నను మేము మా ఘంటసాల, చల్లపల్లి ప్రాంతములందలి బోర్డుల దుకాణములను బట్టి విచారింపదలచితిమి. చిన్న వస్తువునందు ధర్మము సూక్ష్మముగానే యున్నను స్పష్టముగా కానవచ్చును.

తొలుత బోర్డులను కుంచెతో వ్రాసెడివారు. పిదప కంప్యూటరుతో నడచు కటింగు యంత్రము వచ్చినది. వెనుక జిగురు గల రంగు వినైలు షీటుపై ఆ యంత్రపు సన్నని కత్తి అక్షరముల అంచులను కోయును. జనులు దీనిని రేడియమందురు. ఆ పేరుగల మూలకమునకును దీనికిని సంబంధమేమియు లేదు. కోత యంత్రముదైనను తక్కిన పని చేతిదే. అక్షరముచుట్టు నున్న వ్యర్థమును ఒలిచివేయవలెను. అక్షరము కడుపులోని తునకలను సూదిమొనతో తీయవలెను. తెలుగు లిపిలో నిది మిక్కిలి ఓర్పుతో కూడిన పని. ప, స, హ మున్నగు అక్షరముల తలకట్టు మేనికంటక విడిగా నిలుచును. ఒత్తులు పెక్కులు క్రింద వేరుగా నుండును. వ్యర్థముతోపాటు ఒక్క తలకట్టు ఊడివచ్చెనా, మాట చెడినట్లే. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క షీటు కావలయును గనుక రంగులు రెండో మూడో. ఛాయాచిత్రము దీనికి అలవికాదు.

అందుచేత బోర్డు పెట్టించువాడు మాటలను లెక్కించుకొనెడివాడు. పేరు, చేయు పని, ఊరు: ఇంతటితో ముగించెడివాడు. ఇది వానికి వినయముండుటచేత గాదు; అక్షరమునకు వెల యుండుటచేత.

తరువాత ఫ్లెక్సీ వచ్చినది. పాలియెస్టరు నూలువలపై పాలివినైలు క్లోరైడు పూత పూసిన బట్ట అది. దానిపై యంత్రము నీలము, ఊదాయెఱుపు, పసుపు, నలుపు సిరాలను సన్నని చుక్కలుగా చల్లును. ఇచట వెల చదరపుటడుగులకే గాని అక్షరములకు గాదు. పది అక్షరములైనను వేయి అక్షరములైనను, ఒక్క ముఖమైనను నలువది ముఖములైనను, యంత్రమునకు భేదము లేదు. కావున నాయకుని జన్మదినమునకు కూడలిలో కట్టిన ఫ్లెక్సీపై నాయకుడొక్కడే యుండడు. వానికి శుభాకాంక్షలు తెలుపు నలువదిమందియు వరుసలు దీరియుందురు. ఓణీల వేడుకకు, గృహప్రవేశమునకు, పిల్లవాని తొలి పుట్టినరోజునకు అదియే తంతు.

పేరు నిలుపుకొనవలెనను కోరిక నేటిది గాదు. ఘంటసాలలో దొరకిన బౌద్ధకాలపు ప్రాకృత శాసనములలో శివకుడను మహానావికుని పేరు కానవచ్చుచున్నది. ఆయనకును తన పేరు పదిమందికి తెలియవలెనను అభిలాష యుండియుండును; అందు దోషము లేదు. కాని ఆ పేరు దానశాసనమందలిది. రాతిపై చెక్కిన పేరు ఒక పనికి సాక్ష్యము. రేడియం బోర్డుపై దర్జీవాని పేరును అట్టిదే: ఈ పని నేను చేయుదును, చెడినచో నన్నడుగుడని చెప్పుచున్నది. ఫ్లెక్సీపై నలువదవ ముఖము దేనికి సాక్ష్యము? తానచట నున్నాననుటకు దక్క మఱి దేనికిని గాదు.

ఇంతమాత్రమున ఫ్లెక్సీని తూలనాడుట న్యాయము కాదు. పూర్వము చచ్చినవారి రూపము వీథిలో నిలువవలెనన్న విగ్రహము కావలెను, విగ్రహమునకు ధనము కావలెను. నేడు పొలముపనులలో జీవితమంతయు గడపిన కూలి తల్లి పెద్దకర్మనాడు ఆమె ముఖచిత్రము పేట మొగదల నిలుచుచున్నది. ఆ బిడ్డల దుఃఖమునకు ఊరు తలయెత్తి చూచుచున్నది. బండిమీద ఇడ్డెనలు అమ్ముకొను స్త్రీకి సయితము నేడు తన పేరుతో బోర్డు కలదు. వెల తగ్గుటవలన కలిగిన ఈ సమత్వమును కాదను సంస్కర్త తన సంస్కారమునే పరీక్షించుకొనవలెను. పాత వినైలును పవిత్రమైనది గాదు. అదియు పాలివినైలు క్లోరైడే. భేదమెల్ల పరిమాణమునందు: అది కొన్ని అక్షరములై ఏండ్లకొలది అంటియుండును, ఇది గుడారములంతయై పండుగ దాటగనే చిరిగి కాలువగట్టునకు చేరును. కాల్చితిమా, హైడ్రోజను క్లోరైడు, డయాక్సినులు మున్నగు విషములు గాలిలో కలియును.

ఈ ఆడంబరమునకు ప్రాణములును బలియైనవి. 2019 సెప్టెంబరు 12వ తేదీన చెన్నపట్టణమున ఒక పెండ్లికై కట్టిన ఫ్లెక్సీ, స్కూటరుపై పోవుచున్న యువతిపై పడెను. వెనుక వచ్చిన నీళ్లలారీ క్రింద ఆమె మరణించెను. ఆంధ్రప్రదేశమునందు 2022 ఆగస్టు 26వ తేదీన విశాఖపట్టణమున నాటి ముఖ్యమంత్రి ప్లాస్టికు ఫ్లెక్సీల నిషేధమును ప్రకటించిరి. నవంబరు 1న అమలు కావలసిన ఆ నిషేధము 2023 జనవరి 26వ తేదీకి వాయిదా పడెను. యంత్రములకై అప్పులు చేసినవారి మొఱ యొకవైపు, నేలకును నీటికిని కలుగు హాని యొకవైపు. ఫ్లెక్సీలు నేటికిని మన కూడళ్లలో వ్రేలాడుచునే యున్నవి.

శాసనము అవసరమే. కాని శాసనము మార్పగలుగునది బట్టను మాత్రమే. ప్లాస్టికు మాని నూలుగుడ్డపై అచ్చొత్తించినను ఆ నలువది ముఖములు నలువది ముఖములే. కత్తియు సూదియు మనకొఱకు చేసిపెట్టిన సంయమమును ఇక మనమే చేసికొనవలెను; వేఱొకరు చేయజాలరు. వెల తొలగినపుడు వివేచనపు బరువు యంత్రముమీద గాక మనుష్యునిమీద పడును. దానిని మోయనివాడు స్వేచ్ఛను పొందినట్లు కాదు, యజమానిని మార్చుకొన్నట్లు మాత్రమే.

గృహస్థులకు మేము చెప్పునది కొంచెమే. మీ యింట శుభము జరుగునపుడు ఈ మాటలను అక్షరమక్షరముగా కోయించి, ఒలిపించి, అంటింపవలసి యున్నచో ఎన్నిటిని ఉంచుదుమని ఒకసారి యడిగికొనుడు. మిగిలినవానినే వ్రాయింపుడు. మలుపుకడ కట్టినదానిని దారి కనబడునట్లు, గాలికి తెగనట్లు కట్టుడు. వేడుక ముగిసిన మఱునాడు మీ చేతులతోనే విప్పుడు. ఊరివారు మృతుల పటములకు ఒక తావు నేర్పఱచి, ధనికునకును కూలివానికిని ఒకే కొలతను నియమించుకొన్నచో, యంత్రము తెచ్చిన సమత్వము నిలుచును, పోటీ తొలగును. ఇంటి పిల్లలకు శుభాకాంక్షల ఫ్లెక్సీపై తమ ముఖము చేర్పించుకొనుట గౌరవమని నేర్పకుడు. తమ పేరు ఏ పనికి సాక్ష్యముగా నిలువవలెనో వారినే అడుగుడు.