తక్కువ ధరలో ఎవరి వాటా ఉంది?

గత నెల జుమా నమాజు ముగిశాక పెదవేగి మండలానికి చెందిన ఒక యువకుడు మస్జిద్ వరండాలో మమ్మల్ని కలిశాడు. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీయడం అతని జీవనోపాధి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్ళి కొల్లేటి గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఫొటోలు తీస్తుంటాడు. దూరంలోని పక్షిని దగ్గరగా చూపే పెద్ద లెన్సు ఒకటి అతనికి కావాలి.

“హజ్రత్, షాపులో 90 వేలు చెబుతున్నారు. ఇంటర్నెట్‌లో ఒక విదేశీ అమ్మకందారు అదే లెన్సు 62 వేలకు ఇస్తానంటున్నాడు. పైగా పార్శిల్ మీద ‘గిఫ్ట్’ అని, ధర వంద డాలర్లని రాసి పంపుతాడట. అలా రాస్తే కస్టమ్స్ వాళ్ళు పట్టించుకోరట. తీసుకోవచ్చా?” అని అడిగాడు.

అతను అడిగింది ఒకే ప్రశ్న అయినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. తక్కువ ధరకు కొనవచ్చా? కంటితో చూడని సరుకు కొనవచ్చా? పార్శిల్ మీద అబద్ధం రాయించుకోవచ్చా? ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే మనలో చాలామంది పొరబడుతున్నారు. కొందరు మొత్తం వ్యవహారమే హరామ్ అంటారు. మరికొందరు అందులో తప్పేమీ లేదంటారు. (ఫొటోలు తీయడం గురించి ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదం వేరే విషయం. దాన్ని ఇక్కడ చర్చించడం లేదు.)

తక్కువకు కొనడం తప్పు కాదు

వ్యాపారంలో ధర తగ్గడం నేరం కాదు. ఒకే లెన్సు ధర దేశదేశానికీ మారడానికి కారణాలున్నాయి. హాంకాంగ్‌లో అమ్మకం పన్ను లేదు, మామూలు సరుకుల మీద దిగుమతి సుంకమూ లేదు. జపాన్‌లో 2019 అక్టోబరు నుంచి వినియోగ పన్ను 10 శాతం ఉన్నా, ఎగుమతి చేసే సరుకుకు అది వర్తించదు. పెద్ద సరుకు ఒకేసారి కొనేవాడు తక్కువ లాభానికే అమ్మగలడు. ఈ కారణాల వల్ల మిగిలే డబ్బు హలాల్. దాన్ని అనుభవించే హక్కు కొనేవాడికి ఉంది.

అయితే ఆ తగ్గింపులో కొంత మనం వదులుకున్నదాని వెల కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చే ఇండియా వారంటీ సాధారణంగా ఇక్కడి అధీకృత డీలరు అమ్మిన సరుకుకే వర్తిస్తుంది. బయటి నుంచి తెప్పించుకున్న లెన్సు పాడైతే బాగుచేయించుకునే ఖర్చు మనదే. తెలిసి వదులుకుంటే దోషం లేదు. తెలియక వదులుకుని తర్వాత అమ్మినవాణ్ణి తిట్టుకోవడం సరికాదు.

చూడని సరుకు

చూడని వస్తువును కొనడం ఈ కాలపు వింత కాదు. మన ఏలూరు తివాచీలనే తీసుకోండి. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు మగ్గాల మీద నేసిన ఆ ఉన్ని తివాచీలు సముద్రాలు దాటి వెళ్ళాయి. వాటిని కొన్న దొరలు నేతగాడి ముఖం చూడలేదు. నేతగాడు చెప్పిన ముడుల లెక్క, రంగు, కొలత నిజమని నమ్మారు. ఆ నమ్మకమే ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఈరోజు మనం కొనేవాళ్ళ స్థానంలో ఉన్నాం, అంతే తేడా.

హనఫీ ఫిఖహ్‌లో దీనికొక నియమం ఉంది. దాన్ని ‘ఖియారె రూయత్’ అంటారు. అంటే చూడకుండా కొన్నవాడు వస్తువును చూశాక ఉంచుకోవడానికో, తిప్పి పంపడానికో హక్కు కలిగి ఉంటాడు. హిదాయా గ్రంథంలో దీనికి ఒక సంఘటనను ఆధారంగా చూపారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) బస్రాలోని తన భూమిని హజ్రత్ తల్హా (రజి)కు అమ్మారు. ఇద్దరూ దాన్ని చూడలేదు. బేరం రద్దు చేసుకునే హక్కు తనకుందంటే తనకుందని ఇద్దరూ అనుకున్నారు. మధ్యవర్తిగా కూర్చున్న హజ్రత్ జుబైర్ బిన్ ముత్ఇమ్ (రజి) ఆ హక్కు కొన్న తల్హా (రజి)కే ఉందని తీర్పు చెప్పారు.

కనుక విదేశీ అమ్మకందారు వాపసు తీసుకుంటాడా, తిరిగి పంపే ఖర్చు ఎవరిది అన్నది డబ్బు కట్టక ముందే తేల్చుకోవాలి. ఇక్కడ హక్కు ఉండి కూడా, తిప్పి పంపడానికే వేలు ఖర్చయ్యేటట్లయితే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

వాడిన లెన్సు అయితే మరింత జాగ్రత్త అవసరం. తేమ చేరితే గాజు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. దాన్ని ‘ఫంగస్’ అంటారు. పైకి లెన్సు మెరుస్తూనే ఉంటుంది, టార్చి వేసి చూస్తే గాని కనిపించదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మనందరికీ తెలిసిందే. పైన పొడి గింజలు, అడుగున తడి. వాన పడిందని వర్తకుడు సంజాయిషీ చెప్పుకున్నాడు. మరి ఆ తడిని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు, మోసగించేవాడు తమవాడు కాడన్నారు. లెన్సు లోపలి బూజు కూడా ఆ రాశి అడుగున ఉన్న తడి లాంటిదే. అమ్మకందారు దాన్ని చిన్న అక్షరాలతోనైనా రాస్తే చదవడం మన బాధ్యత. దాచితే అది మోసం.

రేపు మనం అమ్మేవాళ్ళమైనప్పుడూ ఇదే కొలమానం. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. అదే లెన్సు నాలుగేళ్ళ తర్వాత ఏలూరులో మరొకరికి అమ్మేటప్పుడు అందులో బూజు ఉందనీ, ఇండియా వారంటీ లేదనీ నోరు తెరిచి చెప్పాలి. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి దివ్య ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ పేరుతో ఒక సూరానే ఉంది. పెదవేగి పామాయిల్ ఫ్యాక్టరీ దగ్గర గెలల కాటా వైపు కన్నార్పకుండా చూసే రైతుకు ఆ సూరా భావం మనం విడమరచి చెప్పనక్కర్లేదు.

పార్శిల్ మీద అబద్ధం

ఇక అసలు సంగతికి వద్దాం. “నేను రాయడం లేదు కదా హజ్రత్, రాసేది వాడు” అన్నాడు ఆ యువకుడు.

కొరియర్‌లో వచ్చే సరుకుకు దిగుమతిదారుగా నమోదయ్యే పేరు కొన్నవాడిదే. అందుకే కొరియర్ వాళ్ళు మన గుర్తింపు పత్రాలు అడుగుతారు. మన తరఫున కాగితాలు దాఖలు చేసేవాడు మన వకీలు. వకీలు చేసిన పని అతణ్ణి నియమించుకున్నవాడికే చెందుతుందని ఫిఖహ్ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అబద్ధాన్ని ముందే తెలుసుకుని, ఒప్పుకుని, దాని లాభం జేబులో వేసుకున్నవాడు రాసింది నేను కాదంటే చెల్లుతుందా?

చట్టం సంగతీ చూద్దాం. పోస్టు ద్వారా, కొరియర్ ద్వారా వచ్చే సరుకును గిఫ్టుగా చూపి విడిపించుకోవడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో నిషేధించింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. విలువ తప్పుగా చూపిన సరుకును 1962 కస్టమ్స్ చట్టం కింద జప్తు చేయవచ్చు. ఇంకో మాట. వంద డాలర్లని రాసిన పార్శిల్ దారిలో పోతే, నష్టపరిహారం కూడా ఆ వంద డాలర్ల లెక్కనే అడగవలసి వస్తుంది. మన అబద్ధం మనకే సాక్ష్యంగా నిలబడుతుంది.

“అసలు ఈ పన్నులే అన్యాయం, ఎగ్గొడితే పాపం లేదు” అనేవారు మనలో ఉన్నారు. అన్యాయపు వసూళ్ళను ఉలమాలు ఖండించిన మాట నిజమే. కానీ సరిహద్దులో సరుకు మీద సుంకం తీసుకోవడం ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. పరదేశాల్లో ముస్లిం వర్తకుల నుంచి పదో వంతు తీసుకుంటున్నారని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాసినప్పుడు, అక్కడి వర్తకుల నుంచి అంతే తీసుకోమని ఖలీఫా ఉమర్ (రజి) ఆదేశించారు. ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ విషయం నమోదు చేశారు. పైగా మనం ఈ దేశంలో ఒక ఒప్పందం కింద జీవిస్తున్నాం. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం విశ్వాసి లక్షణం. పన్ను ఎక్కువనిపిస్తే ప్రజాప్రతినిధులను అడగవచ్చు, పత్రికలకు రాయవచ్చు. ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది పన్ను విషయంలో. అబద్ధం విషయంలో ఎలాంటి భేదమూ లేదు.

ఈ మాట చెప్పే అర్హత మాకు పుట్టుకతో రాలేదు. మేం మద్రసాలో చదివే రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చిన మా బంధువొకరు కొత్త ఫోన్ల అట్టపెట్టెలు పారేసి, పాతవని చెప్పి విమానాశ్రయం దాటారు. అందులో ఒకటి మాకిచ్చారు. ఆయన తెలివిని నలుగురిలో మేమూ మెచ్చుకున్నాం. పగలంతా హదీసు చదివి, సాయంత్రం ఆ ఫోను పట్టుకుని తిరిగిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నిజం చెబితే నష్టమైతే?

యువకుడు చివరగా అన్న మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. “అందరూ అలాగే తెప్పించుకుంటున్నారు హజ్రత్. వాళ్ళు తక్కువకే పెళ్ళి ఒప్పుకుంటారు. నేనొక్కణ్ణే నిజం రాయిస్తే ఆర్డరు వాళ్ళకే పోతుంది.”

అలా పోదని మేం హామీ ఇవ్వలేం. నిజాయితీపరుడికి ఈ లోకంలో నష్టం రాదని షరీఅత్ ఎక్కడా మాట ఇవ్వలేదు. ఉపాధి ప్రసాదించేవాడు అల్లాహ్ అని, ఆయన ఎదుట ప్రతి పైసాకూ లెక్క చెప్పాలని మాత్రం తెలిపింది. పక్కవాడు అబద్ధంతో ధర తగ్గిస్తే మనకెంత బాధగా ఉందో, మనం అదే పని చేస్తే పన్ను కట్టి సరుకు తెచ్చి, షాపు అద్దె కట్టుకునే ఏలూరు దుకాణదారుకూ అంతే బాధగా ఉంటుంది. కొనే ఉద్దేశమే లేకుండా అతని చేత పది లెన్సులు విప్పించి చూసి, ఇంటికొచ్చి ఫోనులో ఆర్డరు పెట్టేవారు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

కాబట్టి మేం అతనికి చెప్పింది ఇది. అసలు ధరే రాయమని అమ్మకందారును అడుగు. సుంకం, పన్ను, కొరియర్ ఖర్చు, వదులుకునే వారంటీ అన్నీ లెక్క వేసుకో. అప్పటికీ మిగులు ఉంటే బిస్మిల్లా అని కొనుక్కో, అది నీ హక్కు. ఆ మిగులు అబద్ధం వల్లనే వస్తోందని తేలితే అది తగ్గింపు కాదు, ఇతరుల వాటా.

వారం తర్వాత అతను ఫోన్ చేశాడు. అన్నీ కలిపితే తేడా కొద్దివేలకు దిగిందట. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదన్నాడు. ఇప్పుడు అతని ముందున్నది లాభనష్టాల లెక్క మాత్రమే. ఏ వైపు మొగ్గినా పాపం లేదు.

అల్లాహ్ మనందరి సంపాదనలో, కొనుగోళ్ళలో శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.