దుఃఖం మనస్సుదా, ఆత్మదా?

ఉత్సాహం కట్టలు తెంచుకొనే ఉన్మాద దశా, మంచం దిగడమే భారమయ్యే కుంగుబాటు దశా మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకు మెదడులో రసాయనికమైన జాడలు కనిపిస్తున్నప్పుడు, ఆ దశల్లో పడిన దుఃఖం, చేసిన పని నిజంగా ఎవరివన్న ప్రశ్న వైద్యంతో మాత్రమే తీరేది కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 మంది రోగుల మెదళ్లను, ఆ రుగ్మత లేని మరో 25 మంది మెదళ్లతో పోల్చి 2015లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. వారు వాడిన ‘టీ-వన్ రో’ అనే ఎమ్మారై పద్ధతిలో, నీటి అణువుల్లోని హైడ్రోజన్ కేంద్రకాల అయస్కాంత సంకేతం రేడియో తరంగాల ప్రభావంలో ఎంతసేపటికి క్షీణిస్తుందో కొలుస్తారు. కణజాలపు ఆమ్లత, గ్లూకోజు, నాడీకణాల మధ్య సందేశాలు చేరవేసే గ్లూటమేటు మారితే ఆ వ్యవధీ మారగలదు. రోగుల్లో మెదడులోని తెల్లని నాడీతంతువుల భాగంలోనూ, చిన్నమెదడులోనూ ఈ కొలత హెచ్చుగా ఉండగా, లిథియం అనే మందు వాడుతున్న రోగుల చిన్నమెదడులో అది మామూలుగానే కనిపించింది. ఇది సమూహాల మధ్య తేడాయే గాని, ఒక వ్యక్తికి రోగముందో లేదో తేల్చే పరీక్ష కాదు. మార్పు కారణమో ఫలితమో కూడా ఆ చిత్రం చెప్పదు.

మనస్సుకు భౌతికమైన ఆధారముందన్న మాట భారతీయ చింతనకు కొత్త కాదు. ఛాందోగ్యోపనిషత్తులో తండ్రి ఉద్దాలకుడి మాట మేరకు శ్వేతకేతువు 15 రోజులు అన్నం మాని నీళ్లు మాత్రమే తాగి వస్తాడు. వేదం చెప్పమంటే ఒక్కటీ తోచదు, అన్నం తిన్నాక అడిగినవన్నీ చెబుతాడు. సాంఖ్యదర్శనం బుద్ధిని, అహంకారాన్ని, మనస్సును జడప్రకృతి పరిణామాలుగానే లెక్కించి, పురుషుణ్ణి, అంటే శుద్ధచైతన్యాన్ని, వాటికి సాక్షిగా నిలిపింది గనుక మెదడు చిత్రాలు దానికి అడ్డురావు. పొగరనో, పూర్వజన్మ పాపమనో రోగిని ఆడిపోసుకొనే ఇంట్లో ఈ దృష్టి ఎంతో మేలు చేస్తుంది.

అయినా అది చాలదు. ఉన్మాద దశలో ఇల్లు తాకట్టు పెట్టి పత్రం మీద సంతకం చేసిన మనిషికి, కోలుకొన్నాక ఆ అప్పూ తనదే, ఆ సిగ్గూ తనదే. అవి ప్రకృతి వికారాలని, నీవు కేవలం సాక్షివని చెబితే అతని బాధను అతని నుంచే లాగేసుకొన్నట్టవుతుంది. ఈ విషయంలో న్యాయదర్శనం రోగికి ఎక్కువ న్యాయం చేస్తుంది. దాని ప్రకారం సుఖదుఃఖాలు, ఇచ్ఛ, ప్రయత్నం ఆత్మ గుణాలే. శరీరం ఆ అనుభవానికి ఆశ్రయం, మనస్సు అందుకు సాధనం. ఆశ్రయం చెడినా, సాధనం చెడినా అనుభవం మారుతుంది గనుక రసాయనిక కారణాన్ని కాదనవలసిన పని లేదు, అనుభవించేవాణ్ణి ప్రేక్షకుడిగా మార్చవలసిన పనీ లేదు. పైగా, నిన్న అనుభవించినవాడే నేడు స్మరిస్తున్నాడన్నది ఆత్మ ఉనికికి ఆ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు చూపే ప్రధాన హేతువు. భారతదేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మున్ముందు జబ్బు తిరగబెడితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టే హక్కును కల్పించినప్పుడు లెక్కలోకి తీసుకొన్నది రెండు దశలనూ గుర్తుపెట్టుకొన్న ఈ కర్తనే.