ఒత్తే చేతులు

ఇరవయ్యేళ్ళుగా కథలూ, నవలలూ రాసి నేను గడించిన స్థిరాస్తి ఒక్కటే, మెడనొప్పి. కాయితాల మీద వంగి వంగి కుడి భుజం రాయిలా బిగుసుకుపోయింది. "ఒకసారి మర్దన చేయించుకోరాదూ" అంది పక్కింటావిడ, పుణ్యక్షేత్రం పేరు చెబుతున్నంత భక్తిగా. మర్దన మనకేమన్నా కొత్తా? పుట్టగానే నూనె, పెళ్ళికి నలుగు, పండక్కి తలంటు. అయినా, డబ్బిచ్చి పరాయి మనిషి చేత ఒళ్ళు పట్టించుకోవడమేమిటని రెండు నెలలు వెనకాడాను.

వెళ్ళేలోగా, అలవాటు కొద్దీ, నాలుగు పుస్తకాలు తిరగేశాను. రోజూ అభ్యంగనం చేసుకోమనీ, తల, చెవులు, పాదాలు మాత్రం మరవద్దనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఆయన పేరు వినకుండానే మా అమ్మమ్మ ఆదివారమాదివారం మా మాడు మీద నూనె అద్ది, అరికాళ్ళకి రాసేది. కేరళ పద్ధతిలో గోరువెచ్చని నూనెతో ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి ఒకే లయలో రాస్తారు. స్వీడిష్ పద్ధతిలో నిమరడం, పిసకడం, తట్టడం ముఖ్యం. థాయ్ వాళ్ళది ఇంకో దారి. నూనె ఉండదు, బట్టలతోనే చాప మీద పడుకోబెట్టి, అరచేతులతో, మోచేతులతో, మోకాళ్ళతో కూడా ఒత్తి, ఒంటిని సాగదీస్తారు. దాన్ని 2019లో యునెస్కో వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. జపాను వాళ్ళ షియాత్సులో ప్రధానమైన పనంతా వేళ్ళదీ, అరచేతులదీ.

పద్ధతులెన్నైనా ఫలితం ఇంచుమించు ఒకటే. బిగిసిన కండ సడలుతుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది. అంతకు మించి రోగాలన్నీ కుదురుస్తామంటే మాత్రం నమ్మకండి. జ్వరంతో ఉన్నవాళ్ళూ, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళూ అసలు దాని జోలికే పోకూడదు.

చదివిన వాటిలో ఒక విషయం నన్ను పట్టుకుంది. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళకి రోజుకి మూడుసార్లు, పావుగంట చొప్పున, పది రోజులు ఒళ్ళు నిమిరితే, నిమరని పిల్లలకంటే రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారట. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడా, ఆమె తోటివారూ 1986లో ఈ సంగతి ప్రకటించారు. ఆ నిమిరిన చేతులు తల్లులవి కావు. అంటే ప్రేమించే చెయ్యే కానక్కర్లేదన్నమాట, శ్రద్ధగల చెయ్యయితే చాలు! అంచేత డబ్బిచ్చిన స్పర్శ అబద్ధమేమీ కాదని ధైర్యం తెచ్చుకుని బయల్దేరాను.

ఇద్దరు మలయాళీ అమ్మాయిలు. ఒకమ్మాయికి వచ్చీరాని తెలుగు. గంటసేపు నేను ఈ లోకంలో లేను. లేచి చీర కట్టుకుంటుంటే, ఆ అమ్మాయి మూలన నిలబడి తన బొటనవేలిని తనే ఒత్తుకుంటోంది.

"నొప్పా?" అన్నాను.

"రాత్రి వేడినీళ్ళలో పెడితే పోతుంది, చేచీ" అని నవ్వింది.

"మరి నీ చేతులెవరు పడతారు?"

"అమ్మ. ఊరెళితే."

"ఎప్పుడెళతావు?"

"ఓణానికి."

అంటే ఏడాదికోసారి! నా మెడ తేలికయింది గానీ, మనసు బరువెక్కింది. విరాటపర్వం గుర్తొచ్చింది. సుధేష్ణ దగ్గర సైరంధ్రిగా చందనం తీసీ తీసీ ద్రౌపది చేతులు కాయలు కాశాయి. ఆ చేతులు భీముడికి చూపిస్తే, అంతటివాడూ వాటిని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. మహారాణీగారికి మాత్రం చందనం వాసనే తెలిసింది.

డబ్బిచ్చి చేయించుకోవడం తప్పా మరి? నాకలా అనిపించలేదు. ఎంచేతంటే డబ్బివ్వకుండా చేయించుకున్నవి నాకు బాగా గుర్తు. కాపురానికొచ్చిన కొత్తలో రోజూ రాత్రి అత్తగారి కాళ్ళు పట్టేదాన్ని. చేతులు ఆవిడ పిక్కల మీద, మనసు వంటింట్లో పేరుకున్న అంట్ల మీద. "నీకు ఓపికుందా" అని ఒక్కనాడూ ఎవరూ అడగలేదు, నేను చెప్పనూ లేదు. గోడ మీద క్యాలెండర్లో లక్ష్మీదేవి విష్ణుమూర్తి పాదాలొత్తుతూ ఉండేది. ఆవిడనైనా ఎవరన్నా అడిగారో లేదో! మన భాషలో కాళ్ళు పట్టడం సేవ, కాళ్ళు పట్టుకోవడం ప్రాధేయపడటం. రెంటికీ మధ్య ఒక్క 'కో' తేడా. ఆ రోజుల్లో నేను చేసింది ఏదో ఇప్పటికీ తేల్చుకోలేను.

కాబట్టి ప్రశ్న డబ్బుది కాదు. చేసే మనిషికి "ఇవాళ నా వల్ల కాదు" అనగలిగే వీలుందా లేదా అన్నదే. ఆ మలయాళీ అమ్మాయికి ఆ వీలుందో లేదో నేను అడగలేదు. అడిగినా, డబ్బిచ్చేదానితో నిజం చెబుతుందా? నా చేతిలో ఉన్నదల్లా ఆ గంటని గంటంపావు చెయ్యకపోవడం, లేచాక ఆ పిల్ల మొహం చూడటం. అది చాలదని నాకూ తెలుసు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటోంది. మా ముగ్గురు అక్కచెల్లెళ్ళ పురుళ్ళకీ, అయిదుగురు మనవల స్నానాలకీ అరిగిన మోకాళ్ళవి. బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాసి నీళ్ళు పోస్తుంటే చూడాలి ఆవిడ వైభవం! ఆవిడ ఒంటికి ఎవరన్నా నూనె రాయగా నేను చూడలేదు. నువ్వులనూనె గిన్నె పట్టుకుని కింద కూర్చున్నాను.

చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నువ్వు నా కాళ్ళు పట్టడమేమిటే? నాకేమయిందని?"

ఇచ్చే చేతులకి పుచ్చుకోవడం రాదు. మనం నేర్పనూ లేదు. నేను లేవలేదు, మాట్లాడనూ లేదు. కాసేపటికి ఒక పాదం మెల్లగా ముందుకు వచ్చింది.

"ఆ నూనె కాస్త వెచ్చచేసి తేవే. చల్లనూనె ఎవరన్నా రాస్తారా? అన్నీ నేనే చెప్పాలి!"