మనము తిన్నది ఎవరి ఉప్పు?

"ఉప్పు తిన్న విశ్వాసము" అను మాట మన తెలుగు ఇండ్లలో తరతరములుగా వినబడుచున్నది. యజమానునికి ఎదురు తిరిగిన పాలేరును చూచి, "ఆయన ఉప్పు తిని ఆయనకే ద్రోహము తలపెట్టితివా?" అని పెద్దలు మందలించుదురు. ఈ మాటలో న్యాయమున్నది. మేలు పొందినవాడు మేలు మరువరాదు. అయితే దీనిలో ఒక ప్రశ్న కూడ దాగియున్నది. ఆ ఉప్పును యజమానుడు చేసెనా? అతడు దానిని కొని తెప్పించి కూటిలో వేయించెనే గాని, ఉప్పుమడిలో ఎండకు నిలిచినవాడు అతడు కాడు, భూమిలోనికి దిగి త్రవ్వినవాడును అతడు కాడు. అట్లయిన, ఉప్పు తిన్న ఋణమును మనము నిజముగా ఎవరికి తీర్చవలెను?

దీనిని గూర్చి ఊరక తర్కించుటకంటె, ఈ ప్రశ్నను కన్నులయెదుట నిలువబెట్టు ఒక స్థలమునకు పోయి చూచుట మేలు. ఐరోపా ఖండమందలి పోలండు దేశములో, క్రాకో నగరమునకు కొద్ది మైళ్ల దూరమున, వ్యేలిచ్కా అను చిన్న పట్టణము గలదు. ఆ పట్టణము క్రింద ఒక ఉప్పుగని యున్నది. కోటి సంవత్సరములకు పూర్వమే అచ్చట నుండిన సముద్రము ఇంకిపోగా, దాని ఉప్పు రాయియై మట్టిక్రింద నిలిచిపోయెను. మనము సైంధవ లవణమని పిలుచునది ఈ జాతిదే. 13వ శతాబ్దము మొదలుకొని 1996వ సంవత్సరము వరకు, అనగా దాదాపు 700 సంవత్సరములు, మనుష్యులు దానిని త్రవ్వి పైకి తెచ్చిరి. ఆ గని లోతు 327 మీటర్లు. దానికి తొమ్మిది అంతస్తులు. దాని సొరంగములన్నిటిని కొసకు కొస చేర్చినయెడల 240 కిలోమీటర్లకు మించును. 1978లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముల మొదటి పట్టికను వ్రాసినప్పుడు అందులో చేర్చిన పన్నెండింటిలో ఇది యొకటి.

ఆ గనిలోనికి ఎవరును తమంతట తాము దిగరాదు. మార్గదర్శి వెంట గుంపుగా పోవలెను. మొదట కొయ్యమెట్లు. మలుపు తరువాత మలుపుగా దాదాపు 380 మెట్లు దిగిన పిమ్మట, 64 మీటర్ల లోతున మొదటి అంతస్తు తగులును. దారి పొడవున అన్నియు కలిపి మెట్లు సుమారు 800; చూపరులు దిగు లోతు 135 మీటర్లు. అచ్చటి గని పనివారు ఒకరికొకరు ఎదురైనప్పుడు "ష్చెంష్చ్ బోజె" అని పలుకరించుకొందురు. దేవుడు నీ పనిని వర్ధిల్లజేయును గాక అని దాని భావము. ఉదయమున దిగినవాడు సాయంకాలమున తిరిగి వచ్చునో రాడో తెలియని పనిలో పుట్టిన పలుకరింపు అది. మన సింగరేణి గనులలో దిగువారి ఇండ్లను ఎరిగిన చదువరులకు ఆ పలుకరింపు ఎట్టిదో నేను వివరింప నక్కరలేదు.

లోపల వెలుతురు పడినచోట గోడలు బూడిదరంగుగా కనబడును. మట్టి కలిసిన ఉప్పు గనుక అది తెల్లగా మెరయదు. చూచువారికి అది వట్టి బండవలె తోచును. నాలుక తగిలించి చూచినవారికే అది ఉప్పని రూఢియగును. పైకప్పు కూలకుండునట్లు మ్రానులను ఒకదానిపై నొకటి పేర్చి దొంతరలుగా నిలిపియున్నారు. వానికి తెల్లసున్నము పూసిరి. దీపపు కొద్దిపాటి వెలుతురును తెలుపు ఎక్కువగా తిరుగగొట్టును గదా. ఉప్పు పట్టిన కొయ్య త్వరగా చివకదు. వందల ఏండ్ల క్రిందట ఎవరో నిలిపిన దుంగలు నేటికిని ఆ బరువును మోయుచునే యున్నవి.

ఈ ఉప్పు ఎవరిని పోషించెనో ఆలోచింపుడి. 14వ శతాబ్దమున పోలండు రాజు ఖజానాకు వచ్చు ఆదాయములో దాదాపు మూడవ వంతు ఉప్పునుండియే వచ్చెనని చరిత్రకారులు చెప్పుదురు. కాజిమిర్ రాజు 1364లో క్రాకోలో ఒక విద్యాలయమును స్థాపించి, అందలి ఉపాధ్యాయుల జీతములకు వ్యేలిచ్కా ఉప్పు ఆదాయమును నియమించెను. తరువాతి శతాబ్దమున ఆ విద్యాలయములోనే కోపర్నికస్ చదువుకొనెను. సూర్యుని చుట్టు భూమి తిరుగుచున్నదని లోకమునకు బోధించిన మహనీయుడు ఆయన. సూర్యుని ముఖమెరుగని చీకటిలో ఉలులు దెబ్బలు తినుచుండగా, ఆ దెబ్బల ఫలముతో పుట్టిన బడిలో ఒక విద్యార్థి సూర్యుని గూర్చి నేర్చుకొనెను. గనిలోని ఒక గదికి ఆయన పేరు పెట్టి, ఉప్పురాతితో ఆయన విగ్రహమును చెక్కి నిలిపియున్నారు. అది తగినదే. అయితే ఆయన చదువుకు మూలధనమైన ఉప్పును త్రవ్వినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

ఆ గని పుట్టుకను గూర్చి ఒక కథ కలదు. హంగరీ రాజకుమార్తె కింగా పోలండు ప్రభువును పెండ్లాడి వచ్చునప్పుడు, తన తండ్రి దేశమందలి ఉప్పుగనిలో తన ఉంగరమును పడవేసెననియు, పోలండులో మొదట త్రవ్విన ఉప్పుగడ్డలో ఆ ఉంగరమే దొరికెననియు చెప్పుదురు. కథ అందమైనదే. కాని చూడుడి, కథలో సహితము ఉప్పు రాకుమార్తె ఉంగరము వెంట వచ్చినది. త్రవ్వినవాడు ఉంగరమును తీసి యిచ్చుటకు మాత్రమే అందులో కనబడును.

త్రవ్వినవాని పని ఎట్టిది? ఆ దినములలో అనేకులు త్రాళ్లకు వ్రేలాడుచు గనిలోనికి దిగిరి. లోపల మీథేను వాయువు పైకప్పు క్రింద చేరును. నిప్పు తగిలిన అది ప్రేలును. దానిని ముందుగానే కొద్దికొద్దిగా కాల్చివేయుటకు కొందరు తడిబట్టలు చుట్టుకొని, పొడవైన కఱ్ఱల చివర కాగడాలు పట్టుకొని, నేలమీద ప్రాకుచు ముందు పోవుచుండిరి. ప్రాయశ్చిత్తము చేసికొనువారు మోకాళ్లమీద ప్రాకుదురు గనుక వీరికిని ఆ పేరే పెట్టిరి. వారు ఏ పాపమునకు ఆ ప్రాయశ్చిత్తము చేసిరి? ఇతరులు అపాయము లేక పని చేయునట్లే వారు అపాయమునకు ఎదురుగా పోయిరి. మనుష్యులతోకూడ గుఱ్ఱములును పని చేసెను. 16వ శతాబ్దము మొదలుకొని అవి పెద్ద చక్రములను త్రిప్పుచు బరువులను పైకి లాగెను. వాని సాలలు కూడ నేలక్రిందనే యుండెను. బాష్కా అను చివరి గుఱ్ఱము 2002లో వెలుతురులోనికి వచ్చెను.

ఇక ఆ గనిలో చూపరులు మిక్కిలి ఆశ్చర్యపడు స్థలమును గూర్చి చెప్పుదును. 101 మీటర్ల లోతున 54 మీటర్ల పొడవుగల ఒక ప్రార్థనాలయమున్నది. పునీత కింగా పేరు దానికి పెట్టిరి. దాని నేల ఉప్పు, బలిపీఠము ఉప్పు, గోడలమీది బొమ్మలు ఉప్పు. వ్రేలాడు దీపగుచ్ఛములకు సహితము ఉప్పు స్ఫటికములే తొడిగిరి. దానిని చెక్కినవారు దూరదేశమునుండి రప్పించిన శిల్పులు కారు. గని పనివారే. 1896లో యూజెఫ్ మార్కోవ్‌స్కీ మొదలుపెట్టగా, అతని తమ్ముడు తోమాష్ కొనసాగించెను; అతని తరువాత ఆంతోని విరోదెక్ 1963 వరకు చెక్కెను. ముగ్గురి జీవితములు, 67 సంవత్సరములు అందులో గడచెను. ప్రభురాత్రి భోజనమును చూపు పలకను విరోదెక్ చెక్కెను. దాని లోతు కొద్ది అంగుళములే అయినను, చూచువారికి బల్లకు ఆవల గది ఎంతో దూరము సాగినట్లు తోచును.

అచ్చట నిలిచినప్పుడు మన నోట సులభముగా వచ్చు మాట ఒకటి కలదు: "ఆహా, మరుగున చేయు సేవ ఎంత గొప్పది! ఎవరును చూడని చీకటిలో దేవుని కొరకు ఎంత చక్కగా పని చేసిరి!" ఈ మాట సత్యమే. అయినను చదువరులారా, ఇచ్చట కొంచెము ఆగుడి. ఈ మాట చెప్పుటకు అందరికిని సమానమైన హక్కు ఉన్నదా?

అదే గనికి మరియొక చరిత్ర గలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944లో, నాజీలు ఈ ఉప్పు గదులలో యుద్ధసామగ్రి కర్మాగారమును పెట్టదలచి, నిర్బంధ శిబిరములనుండి యూదులను తెచ్చి బలవంతముగా పని చేయించిరి. సోవియట్ సైన్యము దగ్గరకు వచ్చుటచేత ఆ కర్మాగారము సాగలేదు. వారి శ్రమయు మరుగుననే జరిగెను. వారిని చూచినవారును లేరు. అదే చీకటి, అదే ఉప్పు, అదే లోతు. వారి పనిని మరుగైన సేవయని పొగడుటకు ఎవనికి నోరు వచ్చును? విరోదెక్ తన చేతిపనిని ఇచ్చెను. వీరియొద్దనుండి చేతులనే గుంజుకొనిరి. చీకటిలో చేయబడినంత మాత్రమున పని పవిత్రము కాదు. చేయువానిని మనుష్యునిగా ఎంచిరా లేదా అనునదే అచ్చట తేడా.

మరుగైన సేవ గొప్పదని చేయువాడు తనలో తాను చెప్పుకొనినయెడల అది అతనికి బలము. దానివలన లాభము పొందువాడు అదే మాట చెప్పినయెడల, అది అనేక పర్యాయములు కూలి ఎగవేయుటకు సాకగును. మన చుట్టు చూడుడి. వేకువజామున వీధి ఊడ్చు స్త్రీని "నీ సేవ దేవునికి తెలియును" అని దీవించి, ఆమె జీతము నెలల తరబడి రాలేదని విని ఊరకుండుట కద్దు. మురుగు గుంటలోనికి మనుష్యుని దింపి పాకీపని చేయించుట కూడదని 2013లో మన దేశమున చట్టము వచ్చెను. అయినను ఆ తరువాతను విషవాయువులవలన అందులో ప్రాణములు పోవుచునే యున్నవి. ఉప్పుమడులలో ఏండ్లకొలది నిలిచినవారి పాదములు ఉప్పునీటిలో పగిలి బండబారును. ఆ ఉప్పు లేక మనకు ఒక్క ముద్ద దిగదు. ఇట్టివారిని పొగడుట మనకు తేలిక. పొగడ్తకు ఖర్చు లేదు. వారికి చెల్లవలసినది పొగడ్తతో తీరునా?

"అయితే మేమేమి చేయగలము? ప్రతి ఉప్పురవ్వ వెనుక ఎవరున్నారో వెదకుచు కూర్చుండిన బ్రదుకు సాగునా?" అని మీరు అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. లోకమందలి శ్రమ అంతటికి ఋణము తీర్చుట ఏ మనుష్యునికిని శక్యము కాదు. కాని తీర్చలేని ఋణమును ఒప్పుకొనుట వేరు, ఋణమే లేదనుట వేరు. మన చేతికి అందిన మేర మాత్రము కలదు. మన ఇంటిలో గిన్నెలు తోము ఆమెకు చెప్పిన దినమున జీతమిచ్చుట మన చేతిలో ఉన్నది. మన దేవాలయమును తుడిచి గంట కొట్టువాని పేరు మన పిల్లలకు తెలియజేయుట మన చేతిలో ఉన్నది. తక్కువ వెలకు వచ్చిన వస్తువును చూచి సంతోషించునప్పుడు, ఆ తక్కువను ఎవరు భరించిరని అడుగుట మన చేతిలో ఉన్నది. ఒకని ప్రాణమునకు అపాయమైన పనిని "వాని కులవృత్తి" అని త్రోసివేయక, యంత్రము తెప్పించుడని పురపాలకులను అడుగుట మన చేతిలో ఉన్నది.

వ్యేలిచ్కాలో ఇప్పుడు ఉప్పు త్రవ్వుట లేదు. అయినను పనివారు దిగుచునే యున్నారు. 1992లో నీరు లోపలికి ఉబికి గనికి గొప్ప అపాయము తెచ్చెను. ఉప్పునకు నీరు శత్రువు. 17వ శతాబ్దాంతమున చెక్కిన పునీత ఆంతోని ప్రార్థనాలయములో తడిగాలి తగిలి బొమ్మల ముక్కులు, కన్నులు, వేళ్లు కరిగి నునుపైపోయెను. కావున నేటి పనివారు ఊరు నీటిని తోడి, దానినుండియే ఉప్పు తీయుచు, పైకప్పులను బలపరచుచు ఉన్నారు. చూపరులు ఎక్కువమంది ఆ కరిగిన ముఖములను ఫొటో తీసికొని, లిఫ్టులో ఎక్కి, కొద్ది క్షణములలో వెలుతురులోనికి వచ్చెదరు. తాము నడిచినంతసేపు తమ తలమీద కప్పును నిలిపినవాడు ఎవడో వారు అడుగరు.

ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చెనని మనమందరము ఎరుగుదుము. ఆ పోలికను విని, లోకమునకు మనము ఎంత రుచినిచ్చుచున్నామో అని లెక్క చూచుకొనుట మనకు అలవాటు. ఈ సారి ఒక దినమైనను లెక్కను ఇటు త్రిప్పి చూతము. నేడు రాత్రి భోజనమునకు కూర్చుండి విస్తరి అంచున ఉప్పు వేసికొనునప్పుడు, ఒక్క క్షణము చేయి ఆపి, దానిని మన యొద్దకు తెచ్చిన చేతులను తలంచుడి. వాని నిమిత్తము ప్రార్థింపుడి. మరునాటి ఉదయమున, ఆ చేతులలో మీ గడపకు అతి సమీపముగా ఉన్న వానికి మీరు ఇయ్యవలసినదేదైన నిలిచియున్న యెడల, ప్రొద్దెక్కక మునుపే ఇచ్చివేయుడి.