పూత నిలువని పాత్ర

ధ్యాన భాగము: సామెతలు 26:23, మత్తయి 5:23, 24



వేంసూరు వంటి మన పల్లెలలో కుమ్మరి చేసిన నీళ్లకుండకు గాజుపూత ఉండదు. అందుచేతనే అది చెమర్చి నీటిని చల్లబరచును. ఆవకాయ జాడి అట్టిది కాదు. ఉప్పు, నూనె ఇంకకుండ దానికి గాజుపూత వేసి సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చుదురు.

రాతిపొడి, మట్టి, వాటిని కరిగించు ద్రవ్యములు నీటిలో కలిపినదే ఆ పూత. జాడి నీటిని పీల్చుకొనగా పొడి అంటుకొనును. నిప్పులో అది కరిగి గాజగును. కాని ఒక్కొక్కప్పుడు పూత నిలువదు. చాలకాలము నిలువయున్న పూతలో పొడి అడుగున గడ్డకట్టి, పైన వట్టి నీరే మిగులును. అప్పుడు అడుగునుండి కలియబెట్టి, సన్నని జల్లెడతో వడియగట్టవలెను. లేక జాడిపై దుమ్మో, చేతి జిడ్డో ఉండవచ్చును. అట్టిచోట పూత నిప్పులో ముడుచుకొని మన్ను బయటపడును. దట్టముగా పూసినను ప్రయోజనము లేదు. ముందుగా కడిగి ఆరబెట్టవలెను.

తీపి మాటల క్రింద దాగిన చెడు హృదయమును సామెతల గ్రంథము వెండి పూసిన పెంకుతో పోల్చుచున్నది. 1929లో సిరియా తీరమున రాస్ షమ్రాలో త్రవ్వకములు మొదలై ప్రాచీన మట్టిపలకలు దొరికిన తరువాత, వాటిలోని ఒక మాటను బట్టి ఇది గాజుపూతయేయని కొందరు పండితులు తలంచిరి. అందరును ఒప్పుకొనలేదు. ఏదైనను భావమొక్కటే.

ఇద్దరన్నదమ్ములు పొలము గట్టు విషయమై తగవులాడిరనుకొందము. ప్రభు భోజనపు ఆదివారము వచ్చును. పెద్దలు చేతులు కలుపుమందురు, వారు కలుపుదురు. తొలకరి దుక్కులకు తగవు మరల లేచును. క్షమాపణకు బలము లేకపోయెనా? కాదు. జరిపిన గట్టు జరిపినచోటనే యున్నది. దుమ్ము తుడువక పూత పూసితిమి.

అయితే హృదయము పూర్తిగా శుద్ధియగువరకు సమాధానపడరాదా? అట్లనరాదు. అర్పణ విడిచి మొదట సహోదరునియొద్దకు వెళ్లుమని ప్రభువు సెలవిచ్చెను. జక్కయ్య మంచిమాటలతో సరిపెట్టక, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. గట్టును దాని చోట పెట్టుటయే కడుగుట.

నష్టపోయిన తమ్మునికిని ఒక మాట. ఏనాడో పలికిన "క్షమించితిని" అను మాట లోపల గడ్డకట్టియుండవచ్చును. అన్న గట్టు సరిచేసి వచ్చిన దినమున దానిని అడుగునుండి కలియబెట్టవలసినది నీవే.

కావున ఈ నెల ప్రభువు బల్లయొద్దకు రాకమునుపే, ఎవరి మన్ను మన చేలో కలిసియున్నదో చూచుకొని, వారి గుమ్మమునకు వెళ్లుదము. ప్రభువు మనకు సాయపడునుగాక.