చూచునది ఎవరు? - నేత్రదానముపై ఒక విచారము

తణుకు ప్రాంతమున ఒక లింగధారుల యింట పెద్దలు లింగైక్యులైన వేళ నేత్రదానమను మాట వచ్చినచో వెంటనే ఒక సంశయము తలయెత్తును. ఇష్టలింగమును వామహస్తమున నుంచి, ఆసీనులనుగా సమాధి చేయుట మన సంప్రదాయము. జీవితమంతయు లింగమును దర్శించిన కన్నులనే తీసివేసినచో ఆ శరణుడు లింగమునకు దూరమగునా? ఈ ప్రశ్నను మూఢత్వమని త్రోసివేయుట తగదు. సమాధానమునకు ముందు చూపు ఎచట జరుగుచున్నదో తెలిసికొనవలెను.

నేత్రదానమున ప్రధానముగా నుపయోగపడునది కార్నియా. అనగా కనుపాపకు ముందుండు అద్దమువంటి పొర. దాని మందము ఇంచుమించు అర మిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు. అది వెలుగును వంచి లోనికి పంపునే గాని దేనిని చూడదు. లోపలి తెరయైన రెటీనాయందలి సుమారు 12 కోట్ల దండకణములు, 60 లక్షల శంకుకణములు ఆ వెలుగును నాడీసంకేతములుగా మార్చును. దాదాపు 10 లక్షల తంతువులు గల దృష్టినాడి వానిని మెదడునకు కొనిపోవును. రూపము, దూరము, రంగు తేలునది అచటనే, తల వెనుక భాగమున.

రంగు సంగతి మరింత విచిత్రము. మూడు విధముల శంకుకణముల స్పందనలను పోల్చి మెదడు రంగును నిర్ణయించును. సంధ్యవేళ పెరటిలో నిలిచిన నిది తెలియును. పగలు మెరిసిన ఎఱ్ఱమందారము ముందుగా నల్లబడును. దాని ఆకులు ఇంకను తేటగా నుండును. పూవు మారలేదు. శంకుకణములు వెనుకకు తగ్గగా, ఎఱ్ఱని వెలుగును సరిగా గ్రహింపలేని దండకణములు పని నందుకొన్నవి. 19వ శతాబ్దమున చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే దీనిని గుర్తించెను.

కావున దాత ఇచ్చునది గవాక్షమును మాత్రమే. అతడు దర్శించిన లింగము ఆ పొరలో లేదు. కొన్నిచోట్ల కనుగ్రుడ్డునంతను తీయుదురు, దీనిని దాచనక్కరలేదు. అయినను రెప్పలు మూయుదురు గనుక ముఖము వికృతము గాదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కన్నప్ప కథను చెప్పినాడు. రెండవ కన్ను పెకలించుటకు ముందు అతడు పాదముతో గుర్తు పెట్టుకొనెను. చూపు పోయిన పిమ్మట స్పర్శయే దారి చూపునని ఆ బోయకు తెలియును! అతడు బ్రతికియుండి ఇచ్చెను. మనలనడుగునది మరణానంతరము.

అడుగువారు దూరమున లేరు. కోతలలో వరియాకు, ధాన్యపు మొన తగిలి, కన్ను పుండుపడి కార్నియా తెల్లబడినవారు వ్యవసాయసీమలన్నింట కలరు. వారి రెటీనా, మెదడు చక్కగానే యుండవచ్చును, గవాక్షమే మూసికొనిపోయినది. ఏలూరు సమీపమునందలి సోమవరప్పాడున జన్మించిన ఎల్.వి. ప్రసాద్ పేర హైదరాబాదున 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన నేత్రవైద్య సంస్థ వేలకొలది కార్నియాలను మార్చినది.

దాత ముందే వ్రాసి యిచ్చినను ఇంటివారు సమ్మతింపవలెను. సాధారణముగా ఆరు గంటలలోపల కార్నియాను గ్రహింపవలెను. అంతవరకు రెప్పలు మూసి, తడిదూది యుంచి, తల క్రింద దిండు పెట్టి, పంకా ఆపవలెను. సమాధిక్రియకు కావలసినవి సమకూర్చులోపలనే ఆ పని ముగియును.