యంత్రం ఎవరి బిడ్డ?

ఒక వస్తువును నేను తయారుచేశాను అనడానికీ, అది నాదే అనడానికీ మధ్య దూరం ఉంది. చట్టం ఈ రెండింటినీ కలిపి మేధోసంపత్తి అని పేరు పెట్టింది కాబట్టి ఆ దూరాన్ని మనం పెద్దగా గమనించం. లాభం కోసం కాక, ఇష్టం కొద్దీ ఇంట్లోనో గ్యారేజీలోనో యంత్రాలు కట్టుకునేవాళ్ళ దగ్గర మాత్రం ఈ ముడి అంత బిగుసుకుని ఉండదు. ఆలోచనకు యజమాని ఉంటారా అన్న ప్రశ్నను అందుకే అక్కడినుంచి మొదలుపెడుతున్నాను.

ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర వేస్తూ వస్తువులు చేసే త్రీడీ ప్రింటర్‌నే తీసుకుందాం. ఈ పద్ధతికి అమెరికాలో స్కాట్ క్రంప్ 1989లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1992లో వచ్చింది, 2009లో గడువు తీరింది. ఆ గడువు తీరకముందే, 2005లో, ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ ‘రెప్‌రాప్’ అనే పని మొదలుపెట్టాడు. తన ప్లాస్టిక్ భాగాలను తానే ముద్రించుకోగల యంత్రం అది. నమూనాలన్నీ బహిరంగంగా పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పంచేటప్పుడు అదే షరతు మీద పంచాలి. 2008లో ఒక యంత్రం ఇంకో యంత్రానికి కావలసిన భాగాలను ముద్రించింది. మొదటిదాన్ని కన్నది అన్నారు, రెండోదాన్ని బిడ్డ అన్నారు. ఆ వంశంలో వరసగా వచ్చిన నమూనాలకు పెట్టిన పేర్లు డార్విన్, మెండెల్, హక్స్‌లీ. కనడం, పెంచడం అనే మాటలతో వర్ణించుకున్న ఈ మూడు యంత్రాల్లో ఒక్కదానికీ తల్లి పేరు దొరకలేదు. ఇది ఎవరూ పన్నిన కుట్ర కాదు. వంశం అనగానే మగవాళ్ళ పేర్లు తోచడం అంత సహజమైపోయింది.

ఈ పంపకంలోంచే 2009లో న్యూయార్కులో మేకర్‌బాట్ అనే కంపెనీ పుట్టింది. 2012లో అది తన కొత్త యంత్రం నమూనాలను బయటపెట్టడం మానేసింది. అప్పటిదాకా తమ మెరుగులన్నీ పంచుకున్నవాళ్ళు మోసపోయామన్నారు. వాళ్ళు పోగొట్టుకున్నది ఏమిటి? చట్టం దృష్టిలో దాదాపు ఏమీ లేదు. కాపీరైటు గీసిన బొమ్మకూ రాసిన ప్రోగ్రాముకూ ఉంటుంది. యంత్రం పనిచేసే తీరుకు రక్షణ కావాలంటే పేటెంటు ఉండాలి, దానికి డబ్బూ లాయర్లూ కావాలి. సరదాకి యంత్రం కట్టుకునే మనిషికి ఉన్నది తోటివారి మధ్య మర్యాద మాత్రమే. నమూనాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరి చేతిలోంచీ ఏదీ పోలేదు. తీసుకున్నవాళ్ళు తీసుకున్నామన్న బాధ్యతను వదిలేశారు. వాళ్ళకు తగిలిన గాయం అదే. ఆస్తి పోయిన బాధ ఒకటి, బాకీని ఎగ్గొట్టిన బాధ ఇంకొకటి.

అలాంటప్పుడు ఆస్తి అనే మాటనే వదిలేసి, ఆలోచనలన్నీ అందరివీ అనేయవచ్చు కదా? స్త్రీలుగా మనం ఇక్కడ కాస్త ఆగాలి. తనది అని నిరూపించుకున్న దాన్ని ఇచ్చేస్తే దానం అవుతుంది. తనది అని ఎవరూ ఎన్నడూ ఒప్పుకోని దాన్ని దానం చేయడం ఎలా కుదురుతుంది? అమెరికాలో మార్గరెట్ నైట్ అడుగు చదునుగా ఉండే కాగితపు సంచుల యంత్రాన్ని కనిపెట్టింది. దాని నమూనా తయారవుతున్నప్పుడు చూసిన చార్లెస్ అన్నన్ పేటెంటు తన పేరున రాయించుకున్నాడు. ఆమె దావా వేసి, తన బొమ్మలూ సాక్షులూ చూపించి 1871లో పేటెంటు దక్కించుకుంది. ఇంత సంక్లిష్టమైన యంత్రం ఆడదానికి అర్థం కాదన్నది అన్నన్ వాదన అని చెబుతారు. నైట్‌కు పేటెంటు ఆస్తి కన్నా ముందు, తనకు బుద్ధి ఉందన్న రుజువు.

మన పక్కనే ఇంకా చిక్కైన ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధవృత్తంలో నిలిపిన మేకుల చుట్టూ పట్టుపోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ కదులుతుంది. ఇది ఇంటి ఆడవాళ్ళ పని. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. తల్లి పేరు మీద దానికి లక్ష్మి అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది. ఆయన పట్టుదలనూ, కొన్ని వేల భుజాలకు ఆయన చేసిన మేలునూ తక్కువ చేయడానికి ఈ మాట ఎత్తడం లేదు. కానీ ఆ యంత్రం చేసే కదలిక ఎవరిది? ఏ మేకు తర్వాత ఏ మేకుకు పోగు వెళ్ళాలో, ఎంత బిగువు ఉంటే తెగదో, ఆ లెక్క అంతకు ముందు ఎక్కడ ఉంది? తరాల తరబడి ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. కథ చెప్పేటప్పుడు తల్లి నొప్పిగా కనిపిస్తుంది, కొడుకు తెలివిగా కనిపిస్తాడు. ఆమె తెలివి కథలోకి రాదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పని తెలిసిన ప్రతివాళ్ళనూ ఆవిష్కర్త అంటే ఆ మాటకు అర్థం మిగలదని. నిజమే. చేతి కదలికను ఇనుములోకి, మోటారులోకి తర్జుమా చేయడం వేరే పని, దాన్ని చేసినవాళ్ళకే ఆ పేరు చెందాలి. అయితే మూలం లేకుండా అనువాదం ఉండదు. అనువాదకుడి పేరు వేసి మూలరచయిత్రి పేరు తీసేస్తే మనం ఊరుకుంటామా?

అందుకని యాజమాన్యాన్నీ గుర్తింపునూ విడదీసి చూడమంటాను. యాజమాన్యం ఇతరులను బయట నిలబెడుతుంది. గుర్తింపు ఎవరినీ ఆపదు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమంటుంది. 2010లో న్యూయార్కులో బహిరంగ యంత్ర నమూనాల మొదటి సదస్సును నడిపిన ఆయా బ్దేర్, అలీసియా గిబ్ ఇద్దరూ స్త్రీలే. ఆ ఉద్యమం రాసుకున్న నిర్వచనం, నమూనాను ఎవరైనా వాడుకోవచ్చంటూనే, మూలకర్తల పేరు చెప్పమనే షరతుకూ చోటిచ్చింది. అది మంచి మొదలు. కానీ ఫైలు పెట్టినవాళ్ళ పేరే అందులో మిగులుతుంది. పని నేర్పినవాళ్ళ పేరు మిగలదు.

ఇది యంత్రాల సంగతేనా? మన సిద్ధాంత గ్రంథాల కృతజ్ఞతల పేజీ తీసి చూడండి. రాతప్రతిని శుభ్రంగా తిరగరాసిన భార్య సహనానికి అక్కడ ధన్యవాదాలు ఉంటాయి. ఆమె దిద్దిన వాదన గురించి ఉండదు. పల్లెల్లో పాటలు పాడి వినిపించిన స్త్రీలు ‘సమాచారదాతలు’ అవుతారు, సేకరించినవారు పండితులు అవుతారు. మనం రాసే పుస్తకాల్లోనూ ఇదే జరుగుతోంది. ఎవరి నొప్పి మనల్ని కదిలించిందో రాసుకుంటున్నాం. ఎవరి తెలివి మనకు దారి చూపిందో కూడా, వాళ్ళను పేరుతో పిలిచి, అదే పేజీలో రాయడం మొదలుపెట్టాలి.